పాప ఈత మానేస్తానంటోంది. ఒప్పుకోవాలా, పట్టుబట్టాలా?

ఐదింటి_అలారం (శుక్రవారం, రాత్రి 11.10)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్ళుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మాది ఒంగోలు. పన్నెండేళ్ళ నుంచి బెంగళూరులో ఉంటున్నాం, ఇప్పుడు బెళ్ళందూరు దగ్గర. మా అమ్మాయికి పన్నెండు నడుస్తోంది, ఏడో క్లాసు. ఏడో ఏట వేసవి క్యాంపులో ఈతకి వేశాం, నీళ్ళంటే భయం పోతే చాలనుకుని. మూడు వారాలకి కోచ్ పిలిచి ఈ పిల్ల కాళ్ళు బ్రెస్ట్‌స్ట్రోక్ (కప్పలా కాళ్ళు తన్నే ఈత) కోసమే పుట్టాయండీ అన్నాడు. ఇక అక్కడి నుంచి మా ఇంటి గడియారమే మారిపోయింది. నాలుగు నలభైకి లేవడం, ఐదుంబావుకి పూల్లో దిగడం, ఏడింటికి కార్లోనే ఇడ్లీ తినిపించడం, ఎనిమిదింటికి స్కూలు బస్సు. వారంలో మూడు రోజులు సాయంత్రం కూడా. ఇలా ఐదేళ్ళు. రాష్ట్ర మీట్‌లో రెండుసార్లు ఫైనల్‌కి వచ్చింది, ఒక కాంస్యం ఉంది.

దసరా అయిన దగ్గర్నుంచి ఇక వెళ్ళనంటోంది. ఎందుకమ్మా అంటే "బోర్". అంతకు మించి మాట లేదు. నిన్న పొద్దున పూల్ దాకా వచ్చి కార్లోంచి దిగలేదు. గేటు ముందు ఇరవై నిమిషాలు ఇద్దరం అలాగే కూర్చున్నాం. నేను అరిచాను, అబద్ధమెందుకు. తను ఏడవలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఏడ్చి ఉంటే నాకు ఇంత టెన్షన్ ఉండేది కాదేమో.

మా ఆవిడ మానేయనివ్వండి, పిల్ల కాస్త నిద్రపోతుంది అంటోంది. నాకు మాత్రం మనసొప్పడం లేదు. నేను చిన్నప్పుడు రెండేళ్ళు మృదంగం నేర్చుకుని మానేశాను. ఇప్పటికీ ఎక్కడైనా కచేరీ జరుగుతుంటే వేళ్ళు తొడ మీద ఆడుతూనే ఉంటాయి. మా నాన్న ఆ రోజు ఒక్కటి వేసి కూర్చోబెట్టి ఉంటే అనుకుంటాను. రేపు ఇదే మాట నా కూతురు నన్ను అంటే? ఈ దారిలో నడిచినవాళ్ళు ఉంటే చెప్పండి.

---

పాత_ఆఫ్‌స్పిన్నర్ (శుక్రవారం, రాత్రి 11.42)

అన్నా, మాన్పించొద్దు. నా మాట విను.

నేను నెల్లూరులో జిల్లా స్థాయిలో అండర్-16 ఆడాను. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజే మా నాన్న కిట్ బ్యాగు అటక ఎక్కించారు, ఎంసెట్ అయ్యాక దించుకోమన్నారు. దించింది మాత్రం ఇల్లు అమ్మినప్పుడు. గ్లోవ్స్ ఎలకలు కొట్టేశాయి. నాకు వృథా అయినవి రెండేళ్ళే, మీ పాపవైతే ఐదేళ్ళు. చేతిలో పతకం కూడా ఉంది.

చదువు పాడవుతుందనే భయం ఉంటే అది తీసేయండి. అనిల్ కుంబ్లే మన బెంగళూరు ఆర్‌వీ కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతూనే ఇండియాకి ఆడాడు. లక్ష్మణ్ అమ్మా నాన్నా ఇద్దరూ డాక్టర్లు, ఆయన మెడిసిన్ వదిలి క్రికెట్ వైపు వచ్చాడు. పన్నెండేళ్ళకి ఏ పిల్లకైనా పొద్దున్నే లేవడం బోరే. పళ్ళు తోముకోవడం కూడా బోరే, మాన్పిస్తామా? మొక్కై వంగనిది మానై వంగునా అని ఊరికే అనలేదు.

---

మొండిఘటం_23 (శనివారం, రాత్రి 12.30)

నేను ఆ పిల్ల వైపు నుంచి మాట్లాడతాను. వయసు 23, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. ఆరేళ్ళ నుంచి పదహారేళ్ళ దాకా టెన్నిస్ ఆడాను. ఆడాను అనడం కంటే ఆడించబడ్డాను అనడం నిజం.

మా నాన్న దగ్గర ఒక నీలం అట్ట నోటుబుక్ ఉండేది. మ్యాచ్ జరుగుతుంటే గ్యాలరీలో కూర్చుని నా తప్పులకు గీతలు పెట్టేవారు. డబుల్ ఫాల్ట్‌కి ఒక రంగు, నెట్‌కి కొట్టిన బంతికి ఇంకో రంగు. ఆయన ఎప్పుడూ కొట్టలేదు, తిట్టలేదు. ఇంటికి వచ్చే దారిలో కార్లో ఏమీ మాట్లాడేవారు కాదు, అంతే. సిల్క్‌బోర్డు దగ్గర ఆ ట్రాఫిక్‌లో గంటన్నర మౌనం ఎలా ఉంటుందో తెలుసా? నాకు ఓడిపోవడమంటే భయం ఉండేది కాదు, ఓడాక కారెక్కడమంటే భయం. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు గానీ, ఒకసారి కావాలనే మెట్ల మీద కాలు మడత పడేలా దూకాను.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో కోర్టు ఉంది, పక్క నుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్తాను. ఆగస్సీ ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు. ఆ ఆటంటే తనకి అసహ్యమని తనే చెప్పుకున్నాడు. వాళ్ళ నాన్న ఇంట్లో బంతులు విసిరే మెషిన్ ముందు నిలబెట్టి కొట్టించేవాడట. గెలిచినవాడు చెప్పుకుంటే కథ అవుతుంది, నాలాంటి వాడు చెప్పుకుంటే సోది.

స్పిన్నర్ అన్నా, వంచేటప్పుడు పుటుక్కున విరిగిన మొక్కల మీద మనవాళ్ళు సామెత కట్టలేదు.

---

పాత_ఆఫ్‌స్పిన్నర్ (శనివారం, ఉదయం 7.05)

తమ్ముడూ, మీ నాన్న చేసింది నేనూ మెచ్చుకోను. కానీ నోటుబుక్ వేరు, పట్టుదల వేరు. మీ ఇంట్లో జరిగినదానికి ఈ పిల్ల పతకం ఎందుకు పోవాలి? అయినా పది ఓవర్లు వేస్తే ఏడు ఓవర్లు బోర్ కొట్టే ఆటలో పెరిగినవాణ్ణి, బోర్ అనే మాట వింటే నాకు నవ్వొస్తుంది.

---

జీతానికి_ముందే_ఖర్చు (శనివారం, ఉదయం 8.20)

ఈత తండ్రులు అదృష్టవంతులండీ, నీళ్ళు అరిగిపోవు. మావాడు బ్యాడ్మింటన్. ఈకల షటిల్ ట్యూబు ధర చూస్తే ఆ బాతుకి మేమే తిండి పెట్టి పెంచుతున్నామా అనిపిస్తుంది. కోచింగ్ ఫీజు, కోర్టు అద్దె, ఆర్నెల్లకోసారి బూట్లు, నెలనెలా రాకెట్‌కి గట్టింగ్ (తీగలు మార్పించడం), టోర్నమెంటుకి ప్రయాణం, లాడ్జి. నిన్న వాడు "నాన్నా, నాకు కీబోర్డ్ నేర్చుకోవాలనుంది" అంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆనందంతో. ఇంతలో దాని ధర చూపించాడు.

సరదా పక్కన పెడితే, ఇన్ని లక్షలు పోశాం కదా అని పిల్లల్ని కొనసాగించడం మాత్రం వద్దు. ఆ డబ్బు ఎలాగూ పోయింది. మానేసినా రాదు, కొనసాగించినా రాదు. ఈ మాట నాకు నేను రోజూ చెప్పుకుంటున్నాను, ఇంకా నమ్మకం కుదరలేదు.

---

లెక్కల_టీచరమ్మ (శనివారం, ఉదయం 9.50)

నేను ఇక్కడ స్కూల్లో పంతొమ్మిదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. రెండు రకాల పిల్లల్నీ చూశాను.

ఒక రకం జూన్‌లో స్కేటింగ్, సెప్టెంబర్‌లో కరాటే, జనవరిలో గిటార్. ప్రతిదానికీ కొత్త బట్టలు, కొత్త సంచి. మా అమ్మ దీన్ని ఆరంభశూరత్వం అనేది. కష్టం మొదలయ్యే చోట, అంటే సరదా దశ అయిపోయి అసలు నేర్చుకోవడం మొదలయ్యే చోట, సరిగ్గా అక్కడే వదిలేస్తారు. క్లాసులో భిన్నాల దగ్గర కూడా వీళ్ళు అక్కడే ఆగుతారు, నేను పేర్లు చదవకుండా చెప్పగలను. ఈ పిల్లలకి అమ్మానాన్నలు కొంచెం గట్టిగా ఉండాలి. మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏది మొదలుపెట్టినా ఆ టర్మ్ అయ్యేదాకా మానడానికి లేదు. ఓడిపోయి వచ్చిన రోజున మానేస్తానంటే ఆ మాట చెల్లదు. వారం ఆగి, మామూలు రోజు సాయంత్రం, అన్నం తిన్నాక చెప్పాలి. మావాడు ఇలా మూడుసార్లు మానేస్తానని అన్నం తిన్నాక మర్చిపోయాడు.

రెండో రకం మీ అమ్మాయి లాంటివాళ్ళు. ఐదేళ్ళు పొద్దున నాలుగున్నరకి లేచిన పిల్లని ఆరంభశూరుల లెక్కలో వేయడం నావల్ల కాదు. అలాంటి పిల్ల ఒక్క మాటతో వద్దంటే ఆ మాట వెనకాల ఇంకేదో ఉంటుంది. "బోర్" అనేది మా పిల్లల భాషలో సంతకం లాంటిది, అన్నిటి కిందా అదే పెడతారు.

---

మాలూరు_అక్క (శనివారం, మధ్యాహ్నం 1.15)

మాది నాలుగు తరాలుగా ఇక్కడే, కోలారు వైపు. మా తెలుగు విని నవ్వకండప్పా.

మా కాలంలో ఆట నేర్పించేదానికి ఎవరు తీసుకుపోతా ఉండ్రి? మా అన్నదమ్ములు చెరువులో ఈత నేర్చుకున్నారు, నడుముకి ఎండిన సొరకాయ కట్టుకొని. మా నాయన మానేయమని కొట్టేవాడు, వాళ్ళు మానలేదు. ఇప్పుడు పొమ్మని కొడుతున్నారు, పిల్లలు పోమంటున్నారు. వద్దన్నదానికి పోవడం, పొమ్మన్నదానికి నిలబడిపోవడం, ఇది పిల్లల గుణం స్వామీ.

మా మనవరాలు కబడ్డీ ఆడతాది. మేమెవరం పంపలేదు. ఒక దినం వాన పడి ఆట లేదంటే అన్నం తినలేదు. అంత కాకపోయినా, లోపల కొంచెమన్నా ఉండాల గదా. మీ పాప సెలవు దినం నీళ్ళు చూస్తే ఏం చేస్తాది? బంధువుల ఊరికి పోతే, కాలువ కనిపిస్తే దూకాలనుకుంటాదా, మొహం తిప్పుకుంటాదా? అది చూసుకోండి ముందు.

---

పాత_ఆఫ్‌స్పిన్నర్ (శనివారం, మధ్యాహ్నం 2.00)

అక్కా, కబడ్డీకి ఖర్చు లేదు కాబట్టి అంత తేలిగ్గా చెప్తున్నారు. క్రికెట్లో అయితే

---

నిర్వాహకుడు (శనివారం, మధ్యాహ్నం 2.20)

స్పిన్నర్ గారూ, ఈ మధ్య ఉన్న పదకొండు క్రికెట్ వ్యాఖ్యలని క్రికెట్ విభాగానికి తరలించాను. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ ఈత.

---

మోకాళ్ళ_డాక్టరమ్మ_కాదు_ఫిజియోని (శనివారం, సాయంత్రం 5.35)

జయనగర్‌లో పనిచేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఈ వయసు ఆటగాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

అమ్మాయిలకి పది నుంచి పదమూడు మధ్య ఒక్కసారిగా ఎత్తు పెరుగుతారు. ఎముక ముందు పెరుగుతుంది, కండరం వెనకాల వస్తుంది. తుంటి వెడల్పవుతుంది, బరువు పడే చోటు మారుతుంది. నిన్నటిదాకా ఒంటికి అలవాటైన స్ట్రోక్ ఇవాళ కొత్తగా అనిపిస్తుంది. ఎంత కష్టపడినా టైమింగ్ కదలదు, ఒక్కోసారి వెనక్కి పోతుంది. పిల్లకి ఇది ఎవరూ చెప్పరు. తనకి తోచేది ఒక్కటే, నేను పనికిరానని. వయసు గ్రూపు మారి పెద్దపిల్లల పక్కన దిగాల్సొస్తే అది ఇంకా పెరుగుతుంది. ఏడాది, ఏడాదిన్నర ఓపిక పడితే చాలామంది మళ్ళీ దారిలో పడతారు.

ఇంకోటి, బ్రెస్ట్‌స్ట్రోక్ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మోకాలు లోపలి వైపు నొప్పి ఉందా? ఆ కిక్‌లో మోకాలు పక్కకి మెలిపడుతుంది, వేల సార్లు అదే చేస్తే లోపలి లిగమెంట్ మొరాయిస్తుంది. బ్రెస్ట్‌స్ట్రోకర్స్ నీ అని దానికి పేరే ఉంది. నొప్పి అంటే పూల్ మాన్పించేస్తారనో, సాకు చెప్తున్నావంటారనో పిల్లలు దాచుకుంటారు. మెట్లు దిగేటప్పుడు గమనించండి.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో ఇచ్చిన నివేదికలో, చాలా ఆటల్లో 15, 16 ఏళ్ళు వచ్చేదాకా పిల్లల్ని ఒకే ఆటకి కట్టెయ్యొద్దని రాశారు. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తిగా సెలవు, ఏడాది మొత్తం మీద మూడు నెలలు ఆ ఆటకి దూరంగా, నెల చొప్పున విడగొట్టి ఇవ్వమన్నారు. మన దగ్గర ఒక నెల ఆపుతానంటే కోచ్‌లు ఏదో ప్రాణం పోయినట్టు చూస్తారు. ఐదేళ్ళలో మీ పాపకి అలాంటి నెల ఎప్పుడైనా దొరికిందా?

---

చెన్నపట్నం_నాన్న (శనివారం, రాత్రి 9.10)

చెన్నై నుంచి. మా ఊళ్ళో ఈ జబ్బు పేరు చెస్.

గుకేశ్ గెలిచాక ఎలా ఉండేదో మీరు చూడాల్సింది. 2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో డింగ్ లిరెన్ మీద గెలిచి 18 ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు కదా, పైగా మన తెలుగువాళ్ళ పిల్లాడు, చెన్నైలో పుట్టి పెరిగాడు. వాళ్ళ నాన్న ఈఎన్‌టీ సర్జన్, ప్రాక్టీసు పక్కన పెట్టి కొడుకు వెంట టోర్నమెంట్లు తిరిగాడు. ఆ వారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కనీసం ఆరుగురు తండ్రులు నేనూ ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను అన్నారు. ఒకాయన కొడుక్కి ఇంకా ఏనుగు ఎటు నడుస్తుందో తెలియదు.

మావాడు అప్పటికే నాలుగేళ్ళుగా ఆడుతున్నాడు. రేటింగ్ 1500 దగ్గర ఇరుక్కుపోయాడు. నేను వదల్లేదు. గుకేశ్ ఏడేళ్ళకి మొదలుపెట్టాడు, నువ్వు ఆరేళ్ళకే మొదలుపెట్టావు అనేవాణ్ణి. ఎంత తెలివితక్కువ మాటో ఇప్పుడు తెలుస్తోంది. ఒకే ఒక్కడి కథ మనకి వినిపిస్తుంది. అదే పని చేసి, అంతే త్యాగం చేసి ఎక్కడా చేరని వందల ఇళ్ళ కథ ఎవరూ పేపర్లో వేయరు. పైగా ఆ అబ్బాయి విషయంలో తండ్రి తోశాడో, కొడుకే లాక్కెళ్ళాడో మనం బయటి నుంచి ఏం చెప్పగలం?

సింధునే చూడండి. అమ్మా నాన్నా ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. వాళ్ళ నాన్న రమణ గారు 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారు, అర్జున అవార్డు కూడా వచ్చింది. ఇంట్లో అంత వాలీబాల్ పెట్టుకుని అమ్మాయి 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచింది చూసి బ్యాడ్మింటన్ అంది, సరేనన్నారు. ఆ ఎత్తు పిల్లని నెట్ దగ్గర నిలబెట్టాలని ఏ వాలీబాల్ తండ్రికి ఉండదు చెప్పండి? నాకు ఆ సరేనన్న మాట దగ్గరే ఆగాలనిపిస్తుంది.

మావాడు చెస్ మానేశాడు. ఇప్పుడు సాయంత్రాలు బీచ్‌లో కుర్రాళ్ళతో ఫుట్‌బాల్ ఆడతాడు, చాలా చెత్తగా ఆడతాడు, ఇసకతో ఇంటికొస్తాడు. మొన్న కరెంటు పోయినప్పుడు నాన్నా ఒక గేమ్ వేద్దామా అని వాడే బోర్డు తీశాడు. నన్ను ఇరవై ఎత్తుల్లో కట్టేశాడు.

---

సర్జాపూర్_రోడ్_బాధితుడు (శనివారం, రాత్రి 9.40)

ఒక ప్రాక్టికల్ విషయం. కాలేజీ సీటు దృష్టిలో పెట్టుకుని కొనసాగించేవాళ్ళు ఉంటారు కదా. ఐఐటీ మద్రాసు 2024-25 నుంచి క్రీడాకారులకి ప్రతి బీటెక్ కోర్సులో రెండు అదనపు సీట్లు పెట్టింది, అందులో ఒకటి అమ్మాయిలకే. కానీ జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు ఎలాగూ తెచ్చుకోవాలి. రాష్ట్ర కాంస్యం చూపిస్తే తలుపు తీసేస్తారని మాత్రం అనుకోకండి. సీటు కోసం ఈత కొట్టించడం కంటే సీటు కోసం చదివించడం తేలిక.

---

రెండో_కాఫీ (శనివారం, రాత్రి 10.25)

అలారం గారూ, ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ మీరు రాసిన ఒక మాట ఎవరూ పట్టించుకోలేదు. "దసరా అయిన దగ్గర్నుంచి" అన్నారు. దసరాకి ఎక్కడికి వెళ్ళారు? అక్కడ ఎవరు ఏమన్నారు?

నాకూ ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది అథ్లెటిక్స్. కాబట్టి మగవాళ్ళు అడగని నాలుగు ప్రశ్నలు నేను అడుగుతాను, మీరు కాకుండా మీ ఆవిడని అడగమనండి. పీరియడ్స్ మొదలయ్యాయా? మొదలైతే ఆ రోజుల్లో పూల్‌కి వెళ్ళడం గురించి ఇంట్లో ఎవరైనా మాట్లాడారా, లేక కోచ్‌కి ఏదో ఒక కడుపునొప్పి చెప్పుకుని పిల్ల తంటాలు పడుతోందా? ఆ స్విమ్‌సూట్ వేసుకుని గట్టు మీద నడవడం ఇబ్బందిగా ఉందా, బ్యాచ్‌లో అబ్బాయిలు ఏమైనా అంటున్నారా? బట్టలు మార్చుకునే గదికి గడియ సరిగ్గా పడుతుందా? ఇది చిన్న విషయంలా ఉంటుంది. మావాళ్ళ గ్రౌండ్ దగ్గర టాయిలెట్ తలుపు పాడై ఉంటే నా కూతురు మూడు గంటలు నీళ్ళు తాగకుండా ఎండలో పరుగెత్తేది. నెలన్నర తర్వాత గానీ నాకు తెలియలేదు. తను మానేస్తానన్నది పరుగు కాదు, ఆ తలుపు.

మానాలా వద్దా అనే చర్చ తర్వాత చేయొచ్చు. పిల్ల దేన్ని మానాలనుకుంటోందో అది ముందు తెలియాలి కదా. నీళ్ళనా, ఆ టైమునా, ఆ మనుషులనా.

---

మొండిఘటం_23 (శనివారం, రాత్రి 10.40)

పైన రాసినదానికి దండం. ఒక్కటి కలుపుతాను అన్నా, కార్లో మాత్రం అడగొద్దు.

---

ఐదింటి_అలారం (ఆదివారం, రాత్రి 11.50)

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మోకాలి సంగతి ముందు. నొప్పి ఉందట, ఆగస్టు నుంచి. కుడి మోకాలు, ఫిజియో గారు చెప్పినట్టే లోపలి వైపు. ఫ్రిజ్‌లో ఐసు ఎందుకు అయిపోతోందని నేను పనమ్మాయిని అడిగాను ఒకసారి, గుర్తుంది. రేపు చూపిస్తున్నాం.

రెండోది. నిన్న రాత్రి మా ఆవిడ దాని పక్కన పడుకుంది. పీరియడ్స్ సంగతి వాళ్ళిద్దరూ ముందే మాట్లాడుకుని ఉన్నారట, నాకే తెలియదు. అది కాదు అసలు విషయం. దసరాకి ఒంగోలు వెళ్ళాం. మా పిన్ని కూతురి ఇంట్లో గృహప్రవేశం. భోజనాల దగ్గర మా అమ్మ అందరి ముందూ అంది, "బంగారం లాంటి రంగు, ఆ ఎండలో ఆ మందు నీళ్ళలో నానబెట్టి బొగ్గు చేశారు. భుజాలు చూడు, మగపిల్లాడికి మల్లే. జుట్టు చూస్తే కొబ్బరి పీచు. పెళ్ళి నాటికి ఏం మిగుల్తుందో." పెద్దవాళ్ళు నవ్వారు. మా అమ్మకి ఆ పిల్లంటే ప్రాణం, అది వేరే సంగతి. ఆ రాత్రి నుంచి పాప అద్దం ముందు చున్నీ భుజాల మీద కప్పుకుని చూసుకుంటోందట.

ఆ భోజనాల బంతిలో నేనూ ఉన్నాను. నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పిల్ల ఆ మాట కూడా వాళ్ళమ్మతో చెప్పింది. నానమ్మ అన్నది కాదమ్మా, నాన్న నవ్వాడు అందట.

మొండిఘటం, నీ మాట పాటించాను తమ్ముడూ, కార్లో ఏమీ అడగలేదు. ఇవాళ మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేస్తూ సారీ చెప్పాను. అది క్లిప్పులు అందిస్తూ "సరే" అంది. ఏ సరేనో అర్థం కాలేదు.

మాట్లాడుకుని ఒకటి అనుకున్నాం. డిసెంబర్ నెలాఖరు దాకా పూల్ లేదు. అలారం లేదు. కోచ్‌కి నేనే ఫోన్ చేశాను, ఇప్పుడు ఆపితే ఏడాది వెనక్కి పోతుందన్నాడు, పోనీయండి అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. జనవరి మొదటి వారంలో తనే చెప్తుంది. ఏం చెప్పినా మళ్ళీ వాదించనని మాటిచ్చాను. ఈ మాట నిలబెట్టుకోగలనా అంటే నిజాయితీగా నాకే నమ్మకం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

---

పాత_ఆఫ్‌స్పిన్నర్ (సోమవారం, ఉదయం 6.15)

అన్నా, పొద్దున్నే చదివాను. వంగునా విరుగునా అని ఏదేదో రాశాను, అవన్నీ తీసేయమని నిర్వాహకుణ్ణి అడిగాను, తీయనంటున్నాడు. నా కిట్ బ్యాగు బాధ నాది, మీ పాప మీద వేసినట్టున్నాను. అయినా ఒక మాట. జనవరిలో వెళ్తానంటే మాత్రం వేరే కోచ్‌ని చూడండి, నాలుగు నెలలు పిల్ల కాలు ఈడుస్తుంటే కనిపెట్టనివాడు ఎందుకు?

---

మాలూరు_అక్క (సోమవారం, ఉదయం 10.30)

మీ అమ్మకి ఎవరు చెప్తారప్పా? అది రాయలేదు మీరు.

---

రెండో_కాఫీ (సోమవారం, ఉదయం 11.00)

జుట్టుకి ఒక చిట్కా, మళ్ళీ వెళ్తే పనికొస్తుంది. పూల్లో దిగే ముందు మామూలు నీళ్ళతో తల బాగా తడిపి, కొంచెం కొబ్బరి నూనె రాసి అప్పుడు క్యాప్ పెట్టాలి. ముందే తడిసిన జుట్టు క్లోరిన్ నీళ్ళని తక్కువ పీల్చుకుంటుంది. వచ్చాక వెంటనే స్నానం. నల్లబడటానికి మాత్రం చిట్కా చెప్పను, అదేం రోగం కాదు. ఒళ్ళు కమలకుండా సన్‌స్క్రీన్ రాయండి, అంతవరకే.

---

ఐదింటి_అలారం (మూడు వారాల తర్వాత, బుధవారం, ఉదయం 5.20)

మాలూరు అక్కా, అమ్మకి ఫోన్ చేశాను. మొదట "నేనేమన్నాను, ప్రేమతో అన్నాను" అంది. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మనవరాలికి నేరుగా ఫోన్ చేసింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తలుపు వేసుకున్నారు కాబట్టి తెలియదు. నిన్న ఒంగోలు నుంచి పార్సిల్ వచ్చింది, రెండు కేజీల సున్నుండలు, ఒక బాటిల్ గానుగ కొబ్బరి నూనె, పతకం పెట్టుకోవడానికి ఒక గాజు పెట్టె.

మోకాలు తగ్గుతోంది, వ్యాయామాలు చేస్తోంది. ఈత ఊసు ఇంకా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు, చాలా కష్టంగా ఉంది. మొన్న ఆదివారం ఫ్రెండ్ వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో పుట్టినరోజుకి వెళ్ళి తడి జుట్టుతో వచ్చింది. వాన పడలేదు ఆ రోజు. నేను అడగలేదు.

ఇవాళ ఫోన్‌లో పాత అలారం ఒకటి తీయడం మర్చిపోయాను. నాలుగు నలభైకి మోగింది. పాప గది తలుపు తీసి కళ్ళు నులుముకుంటూ వచ్చి, "నాన్నా, ఆపెయ్" అని మళ్ళీ వెళ్ళి పడుకుంది. నాకు ఇక నిద్ర పట్టలేదు, టీ పెట్టుకుని ఇది రాస్తున్నాను.